రచ్చకట్ట మీద వాన లెక్క

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చాలాచోట్ల అప్పటికి తొలకరి పడి ఉండదు. బడులు తెరిచేది 12న కాబట్టి ర్యాలీకి పిల్లలు దొరకరు. ఉపాధి పనికి వచ్చిన కూలీలకే ప్లకార్డులిచ్చి వరసలో నిలబెడతారు. పంచాయతీ ఆఫీసు ముందు ఎర్రటి ఎండలో ఒక గుంత, అందులో నర్సరీ మొక్క, దాని మీద పది చేతులు, ఒక ఫొటో. కవరు కూడా సరిగా చింపకుండా పాతిన ఆ మొక్క చెల్క నేలలో ఎన్ని రోజులుంటుందో ట్యాంకర్ నడిపే పంచాయతీ కార్మికుణ్ని అడిగితే చెబుతాడు. మొదటి మంచి వాన పడి నేల జానెడు లోతు తడిసే దాకా ఆగాలన్న సంగతి మక్క విత్తే రైతుకు ఎవరూ నేర్పలేదు. మొక్క నాటే వేదికకే తేదీ ముందు, తడి తర్వాత.

ఊళ్లలో వాతావరణం గురించి మీటింగులు, ర్యాలీలు, జాతర్లలో ప్లాస్టిక్ వద్దనే ప్రచారాలు ఈమధ్య పెరిగాయి. మంచిదే. యువజన సంఘాలు, మహిళా సంఘాలు చొరవ తీసుకుంటున్నాయి. కానీ ఈ కార్యక్రమాల్లో చాలావాటికి కొలత లేదు. ఎంతమంది వచ్చారన్నది రాస్తారు, ఊళ్లో ఏం మారిందన్నది రాయరు. దక్షిణ తెలంగాణలో వాతావరణ ఉద్యమం చేతిలో ముందుగా ఉండాల్సింది బ్యానర్ కాదు, వాన రిజిస్టర్ అని మా అభిప్రాయం.

ఈ నేల సంగతి తెలిసిందే. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, కింద గ్రానైటు బండ. పడిన వాన పడినట్టు పడటం లేదన్నదే ఇప్పుడు గొడవంతా. నెల రోజులు మొగులు ముఖం చాటేసి, ఆ తర్వాత ఒక్క రాత్రిలో కుమ్మేస్తుంది. 2009 అక్టోబరులో అలంపూర్ మునిగింది. 2024లో ఆగస్టు ముగిసి సెప్టెంబరు మొదలయ్యే వేళ కోదాడ కాలనీలు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. 2015 మే వడగాడ్పులు రాష్ట్రంలో వందల ప్రాణాలు తీశాయి. వాన కరువైన ఏడాది బోరు లోతుకు పోతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు లోతుకు పోవడమంటే ఫ్లోరైడును ఇంకాస్త పైకి తోడుకోవడమేనని అక్కడి వంగిన నడుములు ఇప్పటికే చెప్పాయి.

ఊరే తన నీటిని కొలుచుకోవడం కొత్త సంగతేమీ కాదు. 2000 తర్వాతి దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో విదేశీ నిధులతో, రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల పథకం నడిచింది. అందులో మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నాయి. రైతులే రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూశారు, యాసంగి ముందు కూర్చుని ఎంత నీరుంటే ఎంత పంట అని లెక్క వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అంకె గోడ మీద కనిపిస్తే వరి విస్తీర్ణం దానంతటదే తగ్గిన ఊళ్లున్నాయి. ప్రాజెక్టు ముగిశాక గోడలకు సున్నం పడింది, అంకెలు పోయాయి. వాటిని మళ్లీ రాయడానికి విదేశీ నిధులేం అక్కర్లేదు.

కావలసినవి చూద్దాం. వానమాపకం కొనలేకపోతే పైనుంచి కింది దాకా ఒకే వెడల్పున్న ప్లాస్టిక్ సీసా చాలు. మెడ కోసి, ఆ ముక్కనే గరాటులా బోర్లించాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక నాలుగు గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టి, పైకి మిల్లీమీటర్ల స్కేలు అతికించాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, వాతావరణ శాఖ చూసే వేళకే, చూసి రాసి సున్నా గీత దాకా వంచేయాలి. చెట్టు గానీ ఇల్లు గానీ ఎంత ఎత్తుంటే అంతకు రెట్టింపు దూరంలో పెట్టాలి. వేపచెట్టు కింద పెడితే కొలిచేది ఆకుల నుంచి జారిన చుక్కల్ని. రెండు రోజులు చూడటం మరిస్తే మూడో రోజు అంకెను మూడు రోజుల మొత్తంగానే రాయాలి, ఊహించి పంచకూడదు.

ఈ పని చాలా ఊళ్లలో బడికి అప్పగిస్తారు, సగంలో ఆగేది కూడా అక్కడే. వాన మొదలయ్యేటప్పటికి వేసవి సెలవులు అయిపోయి ఉంటాయి గానీ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట దసరా సెలవులొస్తాయి. సరిగ్గా పెద్ద వానలు పడే రోజులవి. రిజిస్టర్‌లో ఖాళీలన్నీ ఆ రెండు వారాల్లోనే కనిపిస్తాయి. అందుకే అంగన్‌వాడీ టీచరో, చెరువు నీళ్లు వదిలే నీరటియో, ఊళ్లోనే ఉండే ఇంకొకరో జతగా ఉండాలి.

బోరు మట్టం కొలవడంలో ఇంకో తిప్పలుంది. నడిచే బోరులోకి తాడు దింపితే మోటరు పైపుకో కేబులుకో చుట్టుకుంటుంది. ఒక్కసారి చుట్టుకుందంటే ఆ రైతు జన్మలో మళ్లీ మూత తెరవనివ్వడు. ఫెయిలైందని మోటరు తీసేసినా అడుగున ఇంకా నీరు తగిలే బోరును ఊరికి నాలుగు దిక్కులా ఒకటి చొప్పున ఎంచుకోవడం మేలు. పొడి బోరు ఇందుకు పనికిరాదు. మీటరు మీటరుకు ముడి వేసిన తాడుకు బోర్లించిన చిన్న ఇనుప గిన్నె కట్టి దింపితే నీటిని తాకగానే ‘టప్’మని శబ్దమొస్తుంది. నెల 1న, 15న తెల్లారకముందు, చుట్టుపక్కల మోటర్లు కొన్ని గంటలైనా ఆగి ఉన్నప్పుడు చూడాలి. నేల మీదికి తేలిన కేసింగ్ ఎత్తును తీసివేయాలి. ఈ తీసివేత మరిచిపోవడమే ఎక్కువసార్లు జరిగే తప్పు. కొలత అయ్యాక మూత బిగించి తీరాలి. తెరిచిన బోరుబావి వల్ల చిన్నపిల్లలకు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంతకూ అసలు లెక్క ఇది. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లంటే 24 లక్షల లీటర్లు. మన రాతి నేలలో అందులో భూమిలోకి దిగి నిలిచేది పదో వంతు, అటూ ఇటూగా 2.4 లక్షలు. యాసంగి వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. మడిలోంచి ఇంకి మళ్లీ కిందికి చేరేది 40 శాతమని తీసేసినా 29 లక్షల దాకా ఖర్చే. అంటే పన్నెండు ఎకరాల మీద ఏడాది పొడుగునా పడి ఇంకిన వానను ఒక్క ఎకరం యాసంగి నాటు తాగేస్తుంది. వేరుశనగకు సగం కన్నా తక్కువ చాలు, జొన్నకు ఇంకా తక్కువ. ఈ మాట రైతుకు పుస్తకంలో చదివి చెబితే ఎక్కదు. 200 లీటర్ల డ్రమ్మును మోటరు పైపు కింద పెట్టి, ఫోనులో సెకన్లు చూడమనండి. వంద సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు. అలాంటి బోరు ఎకరం వరికి నాలుగు నెలలు రోజుకు అయిదున్నర గంటలు నడవాలి. గ్యాపులిచ్చి పోసే బోరు అంతసేపు నడుస్తుందా లేదా అన్నది ఆ డ్రమ్ము దగ్గరే తేలిపోతుంది.

ఈ లెక్కల సభ ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. అక్టోబరు చివర, నారుమళ్లు పోయకముందు జరగాలి. వడ్లు నానబోసిన తర్వాత ఎవరూ వినరు. పొద్దున పదకొండుకు పెడితే ఆడవాళ్లు రారు, అవి పత్తి ఏరే రోజులు. రాత్రి బువ్వ తిన్నాక రచ్చకట్ట దగ్గర లైటు కింద, నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి పోసే బోర్లకు ఒక రంగు, ఎత్తిపోయిన బోర్లకు ఇంకో రంగు చుక్క పెడితే మీటింగు దానంతటదే మొదలవుతుంది. ఫలానా చుక్క తప్పు, అది ఎండి రెండేళ్లయిందని ఎవరో ఒకరు అంటారు. అనాలి కూడా. బోరు లేని రైతులను తప్పనిసరిగా పిలవాలి. పక్కపక్కనే ఉన్న నలుగురు బోర్ల రైతులు పైపులు కలుపుకుని, కొత్త బోరు వేయబోమని కాగితం రాసుకుని, బోరు లేనివాడి చెల్కకు ఎండు సమయంలో రెండు తడులిచ్చే ఏర్పాటు పుట్టేది ఇలాంటి సభల్లోనే. ఆ కాగితం చెడేది కూడా ఎక్కువగా ఒకే చోట, మోటరు కాలినప్పుడు బాగు ఖర్చు ఎవరిదన్న దగ్గర. దాన్ని ముందే రాసుకోవాలి.

రైతుకు తెలివి లేక వరి వేస్తున్నాడని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది, సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. వేరుశనగ వేస్తే అడవిపందులు, కోతులు. కోతుల బెడదకు కూరగాయలు మానుకున్న ఊళ్లు ఈ జిల్లాల్లో ఎన్నో. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి ఉంది. దాన్ని మేం తప్పుపట్టం గానీ, ఆటో స్టార్టర్ పెట్టి పడుకుంటే మోటరు బోరు ఖాళీ అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. నీరు పొదుపు చేయమని ఊరికి చెప్పే ప్రభుత్వం ఆరుతడి పంటకు కూడా ఊళ్లోనే కాంటా పెట్టాలి. అది పెట్టనంత కాలం ఎన్ని రచ్చకట్ట సభలైనా సగం దూరమే పోతాయి.

బతుకమ్మను ఈ పనికి వాడుకోవాలని మా సూచన. సద్దుల బతుకమ్మ రాత్రి ఊరంతా చెరువు దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి నీరు ఎక్కడిదాకా ఉందో తూము దగ్గరి రాతి మీద ఏటా ఒక గీత గీసి సంవత్సరం రాస్తే, అయిదేళ్లకు ఆ రాయే ఊరి దస్తావేజు. చెరువు అలుగు పారే మత్తడి మీద ఇసుక బస్తాలు వేశారా, చెరువు శిఖం భూమిలోకి ఎవరి గెట్టు జరిగిందీ ఆ రోజు అందరి కంటా పడుతుంది. పనిలో పనిగా గునుగు పువ్వు ఎక్కడ దొరికిందో అడగండి. గెట్ల మీద కూడా కలుపు మందు కొట్టడం మొదలయ్యాక గునుగు కోసం ఎంత దూరం పోవాల్సి వస్తోందో ఆడపడుచులకు తెలుసు. రాష్ట్ర పుష్పం తంగేడు ఎవరూ నీరు పోయకుండా, మేకలు ముట్టకుండా బతికే చెట్టు. దాన్ని పీకేసి ఆ చోట అలంకారానికి విదేశీ మొక్కలు పెట్టే హరిత కార్యక్రమం మాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొక్కల గురించి ఇంకొక్క మాటే. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరికి నర్సరీ పెట్టింది, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించింది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. ఎన్ని నాటారన్నది గ్రామసభలో చదువుతారు. మూడో వేసవి దాటినవి ఎన్నో చదవమని అడిగేవారు కావాలి. ఏడు వందల ఏళ్ల పిల్లలమర్రి అనే మర్రిచెట్టుకు చెదలు పడితే అదే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించి కాపాడుకున్న జిల్లా పాలమూరు. మూడేళ్ల వేపకు వారానికి రెండు బిందెలు పోయలేమా?

ఊరి రిజిస్టర్ అవసరం ఇంకో చోట గట్టిగా పడుతుంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల యురేనియం సర్వే మాట రాగానే చెంచుల గూడేలైన పెంటల నుంచి పట్నం దాకా లేచిన గొంతు సెప్టెంబరులో శాసనసభ చేత వ్యతిరేక తీర్మానం చేయించింది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం వచ్చింది. ఇంకా ఏవేవో వస్తాయి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుల మీద ప్రజాభిప్రాయ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, కంపెనీ పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో అందుబాటులో ఉంచాలి, సభ మొత్తం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి. చదవకముందే షామియానా విప్పితే అక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. కనీసం ఇంతమంది ఉండాలన్న కోరం అంటూ ఏమీ లేదు కాబట్టి బహిష్కరించి బయట కూర్చుంటే విచారణ ఆగదు, ఊరి మాట మాత్రం రికార్డుకు ఎక్కదు. కంపెనీ నివేదికలో నీటి కొలతలు మామూలుగా వానాకాలం కాని ఒక్క సీజన్‌వి. వాటి ఎదుట ఊరు తన మూడేళ్ల బోరు మట్టాలు, వాన అంకెలు, పంచాయతీ కార్యదర్శి సంతకంతో పెడితే అధికారి వాటిని పక్కన పడేసి మినిట్స్ రాయడం అంత తేలిక కాదు.

రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ ఆధ్వర్యంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. దగ్గరి కేంద్రం అంకెను ఊరి అంకె పక్కన రోజూ పంచాయతీ బోర్డు మీద సుద్దముక్కతో రాయాలని కలెక్టర్లు ఆదేశించవచ్చు, పైసా ఖర్చు లేదు. రెండూ ఒక్కోసారి కలవవు. మండల కేంద్రంలో 40 మిల్లీమీటర్లు పడ్డ రోజు మూడు కిలోమీటర్ల అవతలి తండాలో దుమ్ము లేవడం ఇక్కడ మామూలే. పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారికి తండావాళ్లు చూపించేందుకు అప్పుడు ఆ సీసా, ఆ రిజిస్టరే ఉంటాయి.