వాన ఒకటే, గ్లాసే వేరు

శేషాచలం కొండల కింద మా యూనివర్సిటీకి ఒక ఫీల్డ్ స్టేషన్ ఉంది. నాలుగు గదులు, ఎర్రచందనం ప్లాట్లు, కంచె వేసిన వాతావరణ కేంద్రం. నవంబరు, ఈశాన్య రుతుపవనం. ఎమ్మెస్సీ పిల్లలు బస్సు దిగారు, రాత్రంతా కురిసింది, తెల్లారింది.

ఉదయం 8:30. వానమాపకం చుట్టూ 23 మంది, చేతుల్లో రికార్డు బుక్కులు. దాని అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఎందుకుండాలో ముందు ఒక క్లాసు: మరీ కిందుంటే నేల మీద పడ్డ చినుకు ఎగిరి లోపల పడుతుంది, మరీ పైనుంటే గాలి చినుకుల్ని పక్కకు తోసేస్తుంది. గరాటు తీసి, సీసాలో నీళ్ళు కొలగ్లాసులోకి వంచడం రెండో క్లాసు. మూడోది కన్ను. నీళ్ళు గాజును పట్టుకుని అంచుల్లో పైకి పాకుతాయి, మధ్యలో గుంటపడతాయి. ఆ గుంట అడుగే చదవాలి, అదీ కన్ను గీతకు సమంగా పెట్టి. అందుకని మోకాళ్ళ పర్వతం దగ్గర మొక్కు తీర్చుకునేవాళ్ళలా బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాం. గ్లాసు మీద గీతలు వాన మిల్లీమీటర్లవి. 20 గీత దాకా నాలుగు నిండు గ్లాసులు, ఐదోదాంట్లో 4.

"నాలుగా, నాలుగు పాయింటు ఒకటా సార్?" అంది ఒకమ్మాయి. ఊపిరి బిగబట్టి మళ్ళీ చూసి, దశాంశం విలువ మీద ఇంకో క్లాసు పీకి, 84.0 మిల్లీమీటర్లని ప్రకటించాం. ఆ సున్నా కూడా రాయించాం.

కాఫీ తెచ్చిన వంటాయన నిలబడి విన్నాడు. "రాత్రి తపేలా బయటే మర్చిపోయినా సార్. దాంట్లో రెండు వేళ్ళ నీళ్ళే ఉండాయే. మీ లెక్కకి నాలుగు వేళ్ళు దాటాల్నే!"

తపేలా పరికరం కాదన్నాం, నవ్వుతూ. నిటారు గోడల తపేలాలో నీటి లోతే వర్షపాతమని, నిన్న క్లాసులో చెప్పింది మేమేనని అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసు తిప్పి చూస్తే అడుగున చీమల బారులా అక్షరాలు: 100 చ.సెం.మీ. అంటే అంత మూతి ఉన్న వానమాపకానికి గీతలు గీసిన గ్లాసది. మా వానమాపకం మూతి 200. దానికి ఒక మిల్లీమీటరు వానంటే 20 మిల్లీలీటర్ల నీళ్ళు, ఈ గ్లాసు లెక్కలో 10. పాయింటు ఒకటి కోసం ప్యాంట్లు పాడుచేసుకుని, 42 మిల్లీమీటర్ల వాన మేమే కురిపించాం.

పాత గ్లాసును కోతి పగలగొట్టింది. కొత్తదానికి పెట్టిన ఇండెంటులో మూతి కొలత రెండుసార్లు రాశాం, కింద గీత గీసి మరీ. స్టోర్సు మూడు కొటేషన్లు తెప్పించి, ఐదు నెలలు ఆలోచించి, అన్నిట్లోకీ చవకది పంపింది. కౌటిల్యుడు వాన కొలిచే కుండను కోష్ఠాగారంలో పెట్టమన్నాడు. అంటే అప్పుడూ స్టోర్సు చేతిలోనే. మౌర్యుల వానలెక్కల మీద కూడా ఇప్పుడు మాకు అనుమానమే.

రిజిస్టరులో అంకె చెరపకూడదు. ఒక గీత కొట్టి, పైన 42.0 రాసి, సంతకం పెట్టాలి. పెట్టాం. 23 రికార్డుల్లోనూ పెట్టాం.

గ్లాసు మార్చమని స్టోర్సుకు ఫోన్ చేస్తే, "పగిలిందా?" అన్నారు.

"లేదు."

"పగలకుండా కొత్తది ఎట్లిస్తాం?" ఫోన్ పెట్టేశారు.

గ్లాసిప్పుడు వరండా పిట్టగోడ అంచున ఉంది, పక్కన ఒక అరటిపండు. రోజూ వచ్చే కోతులు ఇవాళ ఒక్కటీ రాలేదు.