అరటిపండు సరే, పుస్తకాల మీద పడ్డారెందుకు?

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. పాత విద్యార్థుల గ్రూపు, కాలనీ గ్రూపు, చివరికి కావలి చుట్టాల గ్రూపు కూడా వదల్లేదు. ‘గోడకి అరటిపండు అంటించి 52 కోట్లు కొట్టేశాడు. అది మా పిల్లాడు కూడా అంటిస్తాడు. మోడరన్ ఆర్ట్ అంటే నల్లధనాన్ని తెల్లగా చేసుకునే దందా. దాని గురించి రాసేవాళ్లంతా డబ్బులు తీసుకుని రాసేవాళ్లే. అందుకే ఆ పుస్తకాల ధరలు వేలల్లో ఉంటాయి. అవి మనలాంటి ఊళ్ల వాళ్లకి కాదు, మన లైబ్రరీల్లో కొనడం దండగ. పిల్లల్ని అటువైపు పంపకండి.’ కింద దండాల బొమ్మలు. పంపినవాళ్లలో నేను గౌరవించే మాస్టార్లు ఉన్నారు కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

ముందు ఆ 52 కోట్లు. ఆ అరటిపండు అంటించిన ఇటలీ కళాకారుడు మౌరిజియో కట్టెలాన్ కొట్టేసిందేమీ లేదు. 2019లో మయామీలో మొదటిసారి అమ్మినప్పుడు దాని ధర 1,20,000 డాలర్లు. 2024 నవంబరులో న్యూయార్క్ సోత్‌బీస్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. అది కొన్నవాళ్లు తిరిగి అమ్ముకున్న డబ్బు, కళాకారుడికి అందులో వాటా లేదు. మన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో వేసిన ‘గ్రామ యాత్ర’ 2025 మార్చిలో క్రిస్టీస్ వేలంలో 118 కోట్లకి పోయింది. హుస్సేన్ 2011లోనే పోయారు. ఆ బొమ్మ దశాబ్దాలుగా నార్వేలో ఓస్లో ఆసుపత్రి వాళ్ల దగ్గర ఉండేది, అమ్మిన డబ్బు డాక్టర్ల శిక్షణకి వెళ్లింది. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఉంది. 10,000 రూపాయలకి పైన తిరిగి అమ్ముడైన బొమ్మ ధరలో కళాకారుడికో వారసులకో 10 శాతం మించకుండా వాటా రావాలి. ఎంతమంది కళాకారుల ఇళ్లకి ఆ వాటా చేరిందని ఒక్క మెసేజ్ అయినా అడిగిందా?

‘మా పిల్లాడు కూడా అంటిస్తాడు’ అన్నదానికి జవాబు అక్కర్లేదు.

నల్లధనం మాట మాత్రం కొట్టిపారేయలేను. 2020లో అమెరికా సెనేట్ ఉపసంఘం ఒక నివేదిక ఇచ్చింది. ఆంక్షల్లో ఉన్న రష్యా వ్యాపారులు రోటెన్‌బర్గ్ సోదరులతో సంబంధం ఉన్న డొల్ల కంపెనీలు 1.8 కోట్ల డాలర్లకి పైగా కళాఖండాలు కొన్నాయని అందులో ఉంది. నీరవ్ మోదీ దగ్గరున్న బొమ్మల్ని 2019లో మన ఆదాయపు పన్ను శాఖే వేలం వేయించింది. కొన్నవాడి పేరు బయటికి రానక్కర్లేని వ్యాపారంలో దొంగ డబ్బు చేరకుండా ఎలా ఉంటుంది? దాన్ని కట్టడి చేయాల్సిందే. కానీ స్థలాల బేరాల్లో బ్లాక్ నడుస్తోందని ఇల్లు కట్టుకోవడం ఎవరైనా మానేశారా? నెల్లూరు నుంచి మద్రాసు రైల్లో మూడు గంటలు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ముందుండి అక్కడ చోళమండలం కళాకారుల ఊరు మొదలుపెట్టారు. మన తెలుగాయన ఎం. రెడ్డప్ప నాయుడు కూడా వాళ్లలో ఒకరు. బాటిక్ (మైనంతో వేసే అద్దకం) బట్టలు, చేతిపనులు అమ్ముకుని, ఆ డబ్బుతో పూట గడుపుకుంటూ బొమ్మలేసుకున్నారు. వాళ్లది ఏ దందా?

నాకు నిజంగా కోపం తెప్పించింది పుస్తకాల మాట. ధర చూసి లాభమంతా రాసినవాడిదే అనుకుంటున్నారు. పరిశోధన పత్రికల్లో వ్యాసం రాసినవాళ్లకి మామూలుగా పైసా రాదు. దాన్ని చదివి తప్పొప్పులు చెప్పే తోటి పండితులకీ రాదు. పైగా వ్యాసంలో ఒక బొమ్మ అచ్చు వేయాలంటే హక్కులున్న మ్యూజియానికో ఏజెన్సీకో కట్టే ఫీజు చాలాసార్లు రాసినవాడి జేబులోంచే పోతుంది. ఇక పుస్తకానికైతే రంగుల అచ్చు ఖర్చు ఎక్కువ, వేసే కాపీలు తక్కువ. దాని ధర వేలల్లోకి పోయేది ఇందుకు. ఇంత చేసి ఆ వ్యాసం ఒక్కటి బయటివాళ్లు చదవాలంటే 30 నుంచి 50 డాలర్లు అడిగే పత్రికలు ఉన్నాయి.

కరాచీలో పుట్టిన రషీద్ అరయీన్ 1987లో లండన్‌లో ‘థర్డ్ టెక్స్ట్’ పత్రిక పెట్టారు. యూరప్, అమెరికా పట్టించుకోని కళాకారుల గురించి రాయడానికి పెట్టిన పత్రిక అది. ఇప్పుడు టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ ప్రచురిస్తోంది. ఎవరి కళ గురించి పెట్టారో ఆ దేశాల పిల్లలే డబ్బు కట్టలేక గేటు బయట నిలబడాల్సి వస్తోంది. ఇది అన్యాయం, గేటు తీయమని గట్టిగా అడగాలి. మరి మీ మెసేజ్ ఏమంటోంది? అది మనది కాదు, మనకొద్దు అంటోంది. తాళం వేసినవాడికి ఇంతకన్నా సాయం ఇంకేం చేస్తారండీ?

అసలు మనం డబ్బు కట్టడం లేదా? పరిశోధన పత్రికలకి దేశం మొత్తం మీద ఒకేసారి చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకి 6,000 కోట్లు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. కానీ ప్రభుత్వ విద్యాసంస్థలకే. నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో ఎంతమంది పిల్లలు ప్రైవేటు కాలేజీల్లో డిగ్రీ చదువుతున్నారో మీకు తెలియదా? వాళ్ల అమ్మానాన్నల పన్ను కూడా అందులో ఉంది.

ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బుతో పోటీ పరీక్షల గైడ్లు కొంటున్నారు, కొనాల్సిందే. ఏడాదికి నాలుగు కళా పుస్తకాలు కొంటే మాత్రం దండగైపోయిందా? వేల రూపాయల పుస్తకం ఆత్మకూరులోనో కనిగిరిలోనో ఉన్న పిల్లకి కొనే స్తోమత లేదు. స్తోమత లేదు గనకే లైబ్రరీ కొనాలి. లైబ్రరీ ఉన్నదే అందుకు!

ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. పరిశోధన వ్యాసాలు దాచే జేస్టోర్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే నెలకి 100 వ్యాసాలు చదవొచ్చు. హాంకాంగ్ ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ కళా విమర్శకురాలు గీతా కపూర్, చిత్రకారుడు వివాన్ సుందరం దాచిన కాగితాల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, గెట్టీ సంస్థ తమ పుస్తకాలు వందల్లో చదువుకోనిస్తున్నాయి. బెంగళూరు మ్యాప్ అకాడమీ భారతీయ కళ మీద పెద్ద విజ్ఞాన సర్వస్వమే పెట్టింది.

అయితే ఇదంతా దాదాపు ఇంగ్లీషులోనే ఉంది. అందులోనూ చాలాభాగం ఎమ్మే చదివినవాళ్లకి కూడా కొరుకుడు పడదు, అంత కష్టంగా రాయాల్సిన పనీ లేదు. ‘మనలాంటి ఊళ్ల వాళ్లకి కాదు’ అన్న మాటలో ఆ మేరకు నిజం ఉంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇంట్లో పుట్టిన పిల్ల ఇవాళ్టి శిల్పం గురించి తెలుగులో చదువుకుందామంటే ఏముంది? చాలా తక్కువ. ఆ లోటు రాసేవాళ్లది, నాలాంటివాళ్లది కూడా. పిల్లది కాదు.

ఇక ‘పిల్లల్ని పంపకండి’ అన్న మాట. సంపాదన తక్కువని చెప్పండి, అది నిజం. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసే పిల్లలు మన బడుల్లో ఉన్నారు. కడపలో ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉందని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. మీ గ్రూపుల్లో అది పంపండి.

నెల్లూరు జిల్లా గ్రంథాలయ సంస్థకి నేను ఒక అర్జీ రాస్తున్నాను. ఏడాదికి కొన్ని కళా పుస్తకాలు కొనాలని, జేస్టోర్ ఖాతా ఎలా తెరవాలో పిల్లలకి చూపించడానికి కంప్యూటర్ దగ్గర ఒక మనిషిని పెట్టాలని, అడిగేది అంతే. సంతకం పెట్టేవాళ్లు నాకు మెసేజ్ చేయండి. ఒంగోలు వైపు వాళ్లు కూడా ఇలాంటిదే తమ జిల్లాలో రాస్తామంటే నా అర్జీ కాపీ పంపిస్తాను.