శత్రువు కావలెను

కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలన్నారు పెద్దలు. వియ్యం సంగతి చూడటానికి పేరయ్యలున్నారు, బ్యూరోలున్నాయి, ఆదివారం పత్రికల్లో ప్రకటనలున్నాయి. కయ్యానికి తగిన శత్రువును వెతికిపెట్టే నాథుడే లేడు. ఈ లోటు ఎంత పెద్దదో ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ ఆడుతూ నలభయ్యో స్థాయిలో ఇరుక్కున్నవాడికి తెలుస్తుంది.

తెలియనివారికి నాలుగు మాటలు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో జాగెక్స్ అనే సంస్థ ఉంది. ఇంటర్నెట్‌లో జనం కలిసి ఆడే దాని రూన్‌స్కేప్ ఆట 2001లో మొదలైంది. తర్వాత దాన్ని మార్చి, మార్చి మెరుగుపరిచారు. ‘పాతదే బాగుండేది’ అని జనం గోల పెట్టారు. 2007 ఆగస్టు నాటి ప్రతి ఒకటి భద్రంగా మిగిలి ఉంటే, దాన్నే దుమ్ము దులిపి 2013లో ‘ఓల్డ్ స్కూల్’ పేరుతో మళ్లీ వదిలారు. ‘పాతదే బాగుండేది’ అన్న మాటను మన్నించినవారు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. సాంబారు విషయంలో మా వీధి చివరి హోటల్ యజమానికి నేను ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

ఈ ఆటలో కత్తితో శత్రువుకు ఒక ప్రాణం తగ్గిస్తే నాలుగు పాయింట్లు వస్తాయి. నలభై నుంచి నలభై ఒకటో స్థాయికి ఎక్కాలంటే 3,947 పాయింట్లు కావాలి. చిట్టచివరి 99వ స్థాయికి మొత్తం 1,30,34,431. అందులో సగం దారి 92 దగ్గర వస్తుంది. తొంభై రెండు దాకా వచ్చాం కదా, ఇంకెంత అనుకునేవాళ్లు ఈ ఆట జోలికి పోకపోవడం మంచిది.

అందరిలాగే నేనూ మొదట లంబ్రిడ్జ్ ఊళ్లో ఆవుల మీద పడ్డాను. ఒక్కో ఆవుకు 8 ప్రాణాలు, అంటే 32 పాయింట్లు. నలభయ్యో స్థాయివాడు ఒక్క మెట్టు ఎక్కడానికి 124 ఆవులు కావాలి. లెక్క అలా ఉంచండి. ఒక శుక్రవారం పొద్దున్నే మా అమ్మ తులసికోట దగ్గరి నుంచి వస్తూ నా భుజం మీదుగా ఫోనులోకి చూసింది. “అదేమిటిరా, ఆవులా ఉందే?” అంది. నేను నోరు తెరిచేలోపే అది కాళ్లు చాచింది. “ఇది ఇంగ్లండు ఆవమ్మా” అని సర్దిచెప్పబోయాను. “ఏ దేశానిదైతేనేం, గోవు గోవే” అంది. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

సరే, కాస్త గొప్పింటి సంబంధాలు చూద్దామని విజార్డ్స్ టవర్ ఎక్కాను. పై అంతస్తులో బోనులో ఒక లెస్సర్ డీమన్ ఉంటుంది. దాని స్థాయి 82. జనం బయట క్షేమంగా నిలబడి దాని మీద బాణాలూ మంత్రాలూ వేసి సాధన చేస్తుంటారు. నా కత్తి బోనులోకి అందదు. ఇదే జాతి దయ్యాలు కరంజా అగ్నిపర్వతం అడుగున బోను లేకుండా తిరుగుతాయని తెలిసి అక్కడికీ వెళ్లాను. పరిచయాలు పూర్తికాకముందే లంబ్రిడ్జ్‌లో కళ్లు తెరిచాను. ఈ ఆటలో పోయినవాళ్లు తేలేది మామూలుగా అక్కడే.

ఆవులు మరీ కిందివాళ్లు, దయ్యాలు మరీ పైవాళ్లు. నాకు మధ్యతరగతి శత్రువు కావాలి. గొంతెమ్మ కోరికలేమీ లేవు. కాస్త ఒళ్లుండాలి. గట్టిగా కొట్టకూడదు. తనంతట తానే కయ్యానికి కాలు దువ్వాలి. వెంట బంధుబలగం లేకపోతే మరీ మంచిది.

మా అక్క కొడుకు వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నానంటాడు. ఈ వ్యవహారంలో వాడే నాకు పేరయ్య. శత్రువులందరినీ వాడు ‘వాడు’ అనే అంటాడు, సిఫారసు చేసే ప్రతివాడినీ ‘సంబంధం’ అంటాడు. వింటూ వింటూ నాకూ అదే నోటికి పట్టింది. జరిగిన రభసకంతా మూలం ఇదే.

వాడు మొదట హిల్ జయంట్ అనే రాక్షసుణ్ని చూపించాడు. “స్థాయి 28, ప్రాణాలు 35, సొంత ఊరు ఎడ్జ్‌విల్ నేలమాళిగ. ఇత్తడి తాళంచెవి సంపాదిస్తే దగ్గరి దారి ఉంది మామయ్యా. పోయాక పెద్ద ఎముకలు వదులుతాడు, పాతిపెడితే ప్రార్థనలోనూ స్థాయి పెరుగుతుంది” అన్నాడు. ఆస్తీ ఉంది, పుణ్యమూ ఉంది. వెళ్లి చూస్తే అక్కడ రాక్షసుల కంటే మనుషులే ఎక్కువ. ఒకడు ఇలా ప్రత్యక్షం కాగానే ఎవరో ఒకరు అలా ఎగరేసుకుపోతున్నారు. నేను ఒకడి మీద కన్నేసి నిలబడితే పక్కనున్న కవచధారి నన్ను వేరే లోకానికి వెళ్లిపొమ్మన్నాడు. తిట్టు కాదు, ఆటలో సర్వర్లను లోకాలంటారు. అయినా మనసు చివుక్కుమంది.

తర్వాత స్ట్రాంగ్‌హోల్డ్ ఆఫ్ సెక్యూరిటీ. నేలకింది కోట, దాని రెండో అంతస్తులో ఫ్లెష్ క్రాలర్లనే జీవులు. 25 ప్రాణాలు, గిల్లినట్టు కొడతాయి, పిలవకుండానే వస్తాయి. జాతకాలు చక్కగా కలిశాయి. అడ్డొచ్చినవి తలుపులు. అడుగడుగునా తలుపు ఆపుతుంది, ‘మీ పాస్‌వర్డ్ ఎవరైనా అడిగితే ఏం చేస్తారు?’ వంటి ప్రశ్న వేస్తుంది, సరైన జవాబు చెబితేనే లోపలికి వదులుతుంది. ఆటగాళ్ల ఖాతాలు దొంగల పాలు కాకుండా నేర్పడానికే ఆ కోట కట్టారట. ఆశయం గొప్పదే. నేను బ్యాంకు ఉద్యోగిని. పగలంతా కౌంటరులో ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని గొంతు చించుకుని ఇంటికొచ్చినవాడిని నిలబెట్టి, ఒక తలుపు అదే పాఠం అప్పజెప్పమంటే ఎలా ఉంటుంది?

ఇలా ఉండగా ఒక ఆదివారం మా తోడల్లుడి కూతురి సంబంధం విషయమై మధ్యవర్తిగారు మా ఇంటికి వచ్చారు. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. మా ఆవిడా, వదినా హాల్లో కూర్చుని ఆయన చెప్పేది వింటున్నారు. ఆ సమయానికే మా మేనల్లుడి ఫోను వచ్చింది. నేను బాల్కనీలోకి వెళ్లాను. హాలుకూ బాల్కనీకీ మధ్య ఉన్నది ఒక కర్టెను. సిగ్నల్ సరిగా లేక నేను గట్టిగా మాట్లాడుతున్నాను.

మావాడు చెబుతున్నది ఆటలోని రెల్లెకా తీరంలో ఉండే రాతి పీతల గురించి. స్థాయి 13, ప్రాణాలు 50. చందా కట్టినవారికే వాటి దర్శనం. మన స్థాయి తమ స్థాయికి రెట్టింపు దాటితే చాలా జీవాలు మన జోలికి రావు, ఈ పీతలకు అలాంటి మర్యాదలేవీ లేవు. అది ఫోనులో అటువైపు మాట. హాల్లోకి వినిపించింది ఇటువైపుది మాత్రమే.

“పదమూడేనా? మరీ తక్కువ కాదూ? ... ఏమిటీ, యాభై ఉన్నాయా! అయితే పరవాలేదు.”

“చూడటానికి అచ్చం బండరాయే అంటావు. మనం దగ్గరికి వెళ్లేదాకా కదలడన్నమాట.”

“మనం ఎంత కొట్టినా తిరిగి ఒక్కటి మించి వేయలేడా? నాకు కావలసింది అలాంటివాడే.”

“పది నిమిషాలకు మనల్ని మరిచిపోతాడా? అదేం జబ్బురా! ... ఓహో, దూరంగా పరుగెత్తి మళ్లీ వస్తే గుర్తుపడతాడా? సరే సరే. ఇన్నాళ్లకు మంచి సంబంధం చెప్పావు. దీన్నే ఖాయం చేసేద్దాం.”

లోపల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మా ఆవిడ “ఏమండీ” అంది. ఆ పిలుపులో చాలా రకాలున్నాయి, ఇది కిందటిసారి ఎల్‌ఐసీ ప్రీమియం కట్టడం మరిచిపోయినప్పటిది.

మధ్యవర్తిగారి ముఖం ఎర్రబడి ఉంది. “అయ్యా, అబ్బాయికి ముప్పై నిండలేదు. యాభై అని మీకు చెప్పినవాళ్లెవరు? నెమ్మదస్తుడు, నిజమే. బండరాయి అనేంత కాదు. మరపు అంటారా, చిన్నప్పుడు ఒకసారి పుస్తకాల సంచి బస్సులో వదిలేశాడు. ఆ మాత్రం ఎవరికుండదు?” అన్నారు. కాస్త ఆగి, “అది సరే, అల్లుళ్ల మీద చేయి చేసుకోవడం మీ ఇంటి ఆచారమా?” అని అడిగారు.

“నేను చెప్పింది అబ్బాయి గురించి కాదండీ, అది పీత” అన్నాను.

“అబ్బాయిని పీత అంటారా!” అని ఆయన లేచారు.

ఆటను, అందునా రెల్లెకాను, అందునా రాళ్లలా పడుకునే పీతలను చెప్పులు వేసుకుంటున్న పెద్దమనిషికి వివరించడం బృహస్పతికి కూడా సాధ్యం కాదు. పూర్ణాలు పళ్లెంలో అలాగే ఉండిపోయాయి. వదిన వాటిని నా వైపు జరపలేదు.

మర్నాడు సాయంత్రం బెంగళూరు నుంచి ఫోను. అబ్బాయే. మధ్యవర్తిగారు పొల్లుపోకుండా అంతా వాళ్లింట్లో అప్పజెప్పారట.

“అంకుల్, ఒక్క సందేహం. మీరు చెప్పింది రాతి పీతల గురించేనా?”

నాకు ప్రాణం లేచొచ్చింది. అవునన్నాను.

“అవెందుకండీ! హోసిడియస్ తీరానికి వెళ్లండి. అక్కడి ఇసుక పీతలకు 60 ప్రాణాలు. దెబ్బ మాత్రం అదే, ఒక్కటి” అన్నాడు. ఎంత వినయం, ఎంత విషయ పరిజ్ఞానం! నీ పోరాట స్థాయి ఎంత బాబూ అని అడిగాను. 126 అన్నాడు. పోరాట విద్యలన్నీ కలిపి కట్టే స్థాయి అది, ఈ ఆటలో దానికి పైన ఇంకేమీ లేదు.

అప్పటికప్పుడు తోడల్లుడికి ఫోను చేసి, కుర్రాడు మేలిమి బంగారం, శిఖరాగ్రాన ఉన్నాడని చెప్పాను. ఆయన సంతోషించాడు. ఆ శిఖరం ఎక్కాలంటే ఏం చేయాలో చెప్పమన్నాడు. నేను ఉత్సాహం కొద్దీ దెబ్బకు నాలుగు పాయింట్లతో మొదలుపెట్టి 1,30,34,431 దాకా వివరించి, అదీ ఒక్క విద్యకే, ఇలాంటివి కత్తికీ కవచానికీ వేరువేరుగా సాధించాలని చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

“మరి ఆ అబ్బాయి ఉద్యోగం ఎప్పుడు చేస్తున్నట్టు?” అన్నాడు.

వచ్చే ఆదివారం మధ్యవర్తిగారిని మళ్లీ పిలిపిస్తున్నారు. ఆ రోజు నాకు బ్యాంకులో పని ఉందని మా ఆవిడ అందరికీ ముందే చెప్పేసింది.