సీసం గారికి, పద్యం కాని సీసం గారికి

మహారాజశ్రీ సీసం గారికి,

విశాఖపట్నం వన్‌టౌన్ నుంచి నమస్కారాలు. తెలుగువాళ్లం కదా, మీ పేరు వింటే ముందు పద్యమే గుర్తొస్తుంది. నాలుగు పాదాలయ్యాక ఎత్తుగీతి అనే కొసరు పద్యం తప్పదు. మీరూ అంతే, ఒక తరంతో ముగించరు.

తాతగారు వేయించిన కిటికీ రంగులో మీరున్నారని మనవడి రక్తపరీక్షలో మీ పేరు చూశాకే తెలిసింది. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడుతుంటే, వాడు ఊచలు పట్టుకుని ఓడల్ని చూస్తూ ఆ ఊచల్నే నాకాడు. తియ్యగా ఉంటారట కదా! 2000లో పెట్రోలు నుంచి మిమ్మల్ని దేశమంతటా గెంటేశారు. 2017 నవంబరు నుంచి కొత్త రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 మించకూడదన్నారు. పాత కిటికీకి చట్టం చదవడం రాదు.

మీ పనితనం మాత్రం మెచ్చుకోదగ్గది. డీఎన్ఏలో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే పని కానిస్తారు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు కలిసిన మిథైల్ అనే బుల్లి గుర్తు జన్యువు మొదట్లో అంటుకుంటే, సాధారణంగా ఆ జన్యువు నోరు మూసుకుంటుంది. ఆ గుర్తుల్ని ఒకచోట తగ్గించి మరోచోట పెంచుతారు. ప్రతిలో తప్పుండదు, చదివేవాడికే అర్థం మారిపోతుంది.

మీ లోహ బంధువులూ తక్కువవారు కాదు. ఆ గుర్తుల్ని చెరిపే ఎంజైములో ఇనుము కూర్చోవలసిన పీట మీద నికెల్ కూర్చుంటుంది. ఇక చెరిపేవాడు లేక గుర్తులు అలాగే ఉండిపోతాయి. ఆర్సెనిక్‌ను (అసలు అర్ధలోహమే, అయినా మీ పంక్తి భోజనానికి తప్పక వస్తుంది) సాగనంపడానికి శరీరం మిథైళ్లనే ఖర్చు పెడుతుంది. డీఎన్ఏ కోసం దాచిన డబ్బుతో పిలవని అతిథికి బస్సు టిక్కెట్టు కొన్నట్టు!

రక్తంలో నెలరోజులకు సగమవుతారు. అమ్మయ్య అనుకునేలోపు కాల్షియం వేషంలో ఎముకల్లో దశాబ్దాల కాపురం పెడతారు. గర్భిణి ఎముక బిడ్డ కోసం కరిగినప్పుడు మీరూ బయలుదేరతారు. తల్లి ఎముకల్లో మీరెక్కువైన కొద్దీ బిడ్డ బొడ్డుతాడు రక్తంలో కొన్నిచోట్ల మిథైల్ గుర్తులు తగ్గడం మెక్సికో నగరంలో చూశారు. మీ ఎత్తుగీతి అదే. మా కోడలికి ఇప్పుడు ఐదో నెల.

ఆదివారం రంగులవాళ్లు వస్తున్నారు. పొడిగా గీకితే దుమ్మై ఇల్లంతా పరుచుకుంటారని, తడిపి తీయమన్నాను. ఆ పని పూర్తయ్యేవరకు కోడలు, పిల్లవాడు అనకాపల్లిలో ఉంటారు. అరవై ఏళ్లుగా ఆ కిటికీ పక్కన పడుకున్న నా ఎముకల్ని ఖాళీ చేయమని మిమ్మల్ని అడగను. ఇన్నేళ్ల అద్దె బాకీ సంగతి మాత్రం చూడండి.

ఇట్లు,
మీ ఇంటి యజమాని