సవరణ: సర్కారు పని, పేటెంట్ కేసు
సర్కారు పని చేసే కాంట్రాక్టర్ మీద పేటెంట్ కేసు వేయలేరని, వేస్తే ప్రభుత్వం మీదే వేయాలని మొన్న రాశాను. తప్పు రాశాను. అది అమెరికా పద్ధతి. అక్కడైనా ప్రభుత్వ అనుమతో సమ్మతో ఉండాలి.

మన 1970 పేటెంట్ల చట్టం తెలిసిన హనుమకొండ వకీలు సాబ్ సరిచేశారు. సర్కారు పనికి పేటెంట్ ఉన్నదాన్ని వాడుకోనిచ్చేది అందులోని సెక్షన్ 100. ఆ రక్షణ కాంట్రాక్టర్‌కు కావాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. పని రాష్ట్రానిదైనా ఆ కాగితం కేంద్రం నుంచే రావాలి. పని అయ్యాక ఇచ్చినా చెల్లుతుందట, అదొక్కటే ఊరట.

నా పోస్టు చూసి మడికొండలో మా తమ్ముడు వర్క్ ఆర్డర్‌ను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి షెడ్డు గోడకు తగిలించాడు. అది ఉత్త పని కాగితమే. పైగా పేటెంట్ గొడవొస్తే భారం కాంట్రాక్టర్‌దేనని అందులోనే చిన్న అక్షరాల్లో ఉంది.