చిన్న కంప్యూటరు గారి పరివారం

భవానీ నగర్‌లో సొంత అపార్ట్‌మెంట్ ఉన్నవారికైనా, బైరాగిపట్టెడలో అద్దెకుంటున్నవారికైనా తిరుపతిలో చోటు కరువు సమానమే కాబట్టి, టేబుల్ మీద అరచేయంత స్థలంలో ఒదిగిపోయే డెస్క్‌టాప్ కంప్యూటర్లను మధ్యతరగతి ప్రజానీకం హర్షధ్వానాలతో స్వాగతించడంలో వింతేమీ లేదు. 2024 చివరలో యాపిల్ సంస్థ విడుదల చేసిన మ్యాక్ మినీనే తీసుకుంటే, పొడవు, వెడల్పు చెరి 12.7 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు, బరువు ముప్పావు కిలో లోపే. ఇంత చిన్న వస్తువుకు అనుబంధ పరికరాలు దేనికని అమాయకులు కొందరు అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తీవ్రంగా పరిగణించవలసి ఉంది.

యంత్రాన్ని చిన్నది చేయడానికి లోకం కనిపెట్టిన ఉత్తమ మార్గం, దానిలో ఉండవలసినవాటిని కొన్నవాడి నెత్తిన పెట్టడం. 2005 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్ మినీని 499 డాలర్లకు ప్రకటించినప్పుడే తెర, కీబోర్డు, మౌసు ఎవరివి వారే తెచ్చుకోవాలని దాపరికం లేకుండా చెప్పేశారు. 2011లో డిస్కు డ్రైవును సాగనంపారు. 2024లో పాత తరహా యూఎస్‌బీ పోర్టులకు కూడా వీడ్కోలు పలికారు. ఇలా గెంటివేతకు గురైన ప్రతి అవయవమూ, తన సొంత వైరును వెంటబెట్టుకుని, మన టేబుల్ మీదికే కాపురానికి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు, బ్యాటరీ అన్నీ ఒకేచోట ఉంటాయి కదా అని వాదించే అల్పసంతోషులకు సమాధానం చెప్పడం ఈ వ్యాసం పరిధిలోని విషయం కాదు.

పరివారంలో మొదటి స్థానం, ఒక పోర్టును రకరకాల పోర్టులుగా పంచిపెట్టే హబ్బుది. బంధువుల పెళ్ళి ఫోటోలను స్టూడియోవారు ఇప్పటికీ వెడల్పు మూతి పెన్‌డ్రైవ్‌లోనే ఇస్తారు. కొత్త యంత్రానికి ముందు రెండు, వెనుక మూడు సన్నని టైప్-సీ పోర్టులున్నా, ఆ పెన్‌డ్రైవ్ దూరే పోర్టు ఒక్కటీ లేదు. కాబట్టి హబ్బు కొనాలి. కొన్నాక, దానికి బయటి హార్డ్ డిస్కులు రెండు తగిలిస్తే శక్తి చాలదు కనుక సొంత అడాప్టర్ ఉన్న హబ్బు కొనాలి. ఆ అడాప్టరుకు గోడ మీద ప్లగ్ పాయింటు మిగలదు కనుక ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనాలి. ఆ బాక్సులో అడాప్టరు తన లావుతో పక్క పాయింటును కూడా కప్పేస్తుంది కనుక రెండో బాక్సు కొనాలి. అవసరాలు ఇంత క్రమశిక్షణతో ఒకదాని వెనుక ఒకటి నడిచే రంగం మరొకటి లేదు.

నిల్వ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మన దేశంలో 59,900 రూపాయల ప్రారంభ ధరకు 256 జీబీ ఇచ్చారు. దాన్ని 512 చేయించుకోవాలంటే మరో 20,000 అడిగారు. ఫైళ్ళు దాచుకోవడానికి బయట వేలాడే ఎస్సెస్‌డీ అనే నిల్వ పెట్టె పుట్టుకకు ఇంతకుమించిన కారణం వెతకనక్కరలేదు.

ఇక, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీతో యంత్రాన్ని నడిపించే యూపీఎస్. నడివేసవిలో పాదరసం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కరెంటు పోవడమూ, మనం గంటసేపు చేసిన పని సేవ్ చేయకుండా ఉండడమూ ఏకకాలంలో జరగాలన్నది ప్రకృతి నియమం. ఇళ్ళలో వాడే 600 వీఏ సామర్థ్యమున్న యూపీఎస్ లోపల 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది ఒక్కటే రెండు కిలోలు తూగుతుంది. బ్రహ్మోత్సవాలలో మాడవీధుల్లో నిలబడి గరుడసేవ చూసినవారికి ఇది కొత్తగా తోచదు: ఉత్సవమూర్తి చిన్నది, వాహనం పెద్దది, మోసేవారు ఇంకా ఎక్కువ. కాకపోతే అక్కడ ఎంత దూరంలో ఉన్నవారికైనా స్వామి కనబడతాడు, ఇక్కడ వైర్లు తొలగించి వెతుక్కోవాలి.

పవర్ బటన్ గురించి విమర్శకులు అన్యాయంగా మాట్లాడుతున్నారు. కొత్త మినీకి దాన్ని అడుగున, వెనుక మూలన పెట్టారు. అదే సంస్థ 2015 నుంచి తన మౌసుకు చార్జింగ్ పోర్టును కూడా పొట్ట కిందనే పెడుతోంది. పాదాలు తాకనిదే పని మొదలుపెట్టరాదన్న సంస్కారం కాలిఫోర్నియా వారికి ఎలా అబ్బిందో గాని, అలిపిరి పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని మెట్లెక్కే ఊరివాళ్ళం మనం దీన్ని తప్పుపట్టడం భావ్యం కాదు. వంగలేనివారి కోసం, పక్కనుంచి నొక్కితే అడుగున బటన్ పడేలా మీట బిగించిన స్టాండ్లు కూడా అమ్ముతున్నారు. బటన్ నొక్కే పరికరం కొనుక్కునే స్థాయికి మానవజాతి చేరుకున్నందుకు గర్వించాలి.

మా ఇంట్లో మాత్రం అన్నిటికన్నా ముందు వచ్చిన పరికరం లేసు గుడ్డ. టీవీకి, మిక్సీకి, ఫ్రిజ్ హ్యాండిలుకు కవర్లు కుట్టిన మా అవ్వ, "దుమ్ము పడతాది నాయనా" అంటూ మినీకి కింద ఒకటి, మీద ఒకటి అమర్చింది. గాలి పీల్చుకునేదీ వదిలేదీ అడుగు నుంచేనని వివరించబోతే, "పొద్దస్తమానం పన్లేకుండా కూర్చునేదానికి గాలెందుకు?" అని అడిగింది. ఆ మాట యంత్రాన్ని గురించో నన్ను గురించో తేల్చుకోలేక, గాలి ఆడేందుకు నాలుగు కాళ్ళ అల్యూమినియం స్టాండు తెప్పించాను.

ఆయుధపూజ నాడు ఆవిడే టేబుల్ ముందు నిలబడి, ఎవరి హోదా ఏమిటో ఒక్క చూపులో అంచనా వేసింది. యూపీఎస్‌కు పెద్ద బొట్టు, మానిటరుకు బంతిపూల దండ, హబ్బుకు అక్షింతలు దక్కాయి. కంప్యూటరును స్టాండుతో సహా పక్కకు జరిపి, ఆ చోట కొబ్బరికాయ పెట్టింది.