ఇల్లరికం వచ్చిన సూపర్‌చార్జర్ అల్లుడుగారికి

అల్లుడుగారూ,

కులాసానా? ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం మీరు, కులాసాగానే ఉంటారు లెండి, తోలు ఊడింది నా వేళ్లకి. బర్మింగ్‌హామ్ చలిలో, ఒక్క కారు పట్టే గ్యారేజీలో సగం కారూ సగం అట్టపెట్టెలూ పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత సామాను సంతలో మీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఏమన్నాడో గుర్తుందా? "మెర్సిడెస్ మీంచి తీసింది, ఎం62 రకం, దీన్ని మించింది దొరకదు" అన్నాడు. గొప్పింటి పిల్లాడు కదా అని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాను. ఇంటికొచ్చి కిరసనాయిలుతో తుడిస్తే ఒంటి మీద ఒక నంబరు కనబడింది, దాన్ని పట్టుకుని మూడు రాత్రులు నిద్ర మానుకుని వెతికాక తెలిసిందేంటంటే అది పోత నంబరు, పార్ట్ నంబరు కాదు. పోత నంబరంటే ఆ అచ్చుది మాత్రమే, అదే అచ్చులో పోసిన డొల్లకి రకరకాల మూతులూ పుల్లీలూ తగిలించి వేరువేరు కార్లకి పంపుతారట. మీ ఊరు చెప్పారు గానీ ఇంటిపేరు చెప్పలేదన్నమాట. ఇంటిపేరున్న స్టిక్కర్ని ముందే ఎవరో గీకేశారు.

చివరికి మీరు వెనక నుంచి దొరికిపోయారు. తోక దగ్గర నీళ్ల పంపుని తిప్పే గేర్ల గూడు ఉంది చూశారూ, అది చూడగానే తెలిసింది మీరు మెర్సిడెస్ కాదు, ఈటన్ కంపెనీ వారి ఎం45 రకం అని, 2002లో వచ్చిన కొత్త మినీ కూపర్ ఎస్‌లో 1.6 లీటర్ల ఇంజన్‌తో కాపురం చేసొచ్చారని. నిజం చెప్పొద్దూ, కోపం రాలేదు, మురిసిపోయాను. నా కారూ మినీయే కదా, 1275 సీసీ పాతది, ఇదే ఊళ్లో లాంగ్‌బ్రిడ్జ్‌లో పుట్టింది. మేనరికం కలిసిందనుకున్నాను.

ఒక్క బోల్టు కలిస్తే ఒట్టు.

మా ఇంజన్‌వి అంగుళాల లెక్కలు, 5/16 యూఎన్‌ఎఫ్ అనే సన్న మర బోల్టులు. మీవి మిల్లీమీటర్లు, ఎం8. ఒకటి 7.94 మిల్లీమీటర్ల లావు, రెండోది 8. గ్రీజు చేతిలో పట్టుకుంటే కవలలే. తేడా అంతా మరల్లో ఉంది, మా బోల్టుకి అంగుళానికి 24 చుట్లు, మీ దానికి 20 చిల్లర. ఈ సంగతి తెలియక మా బోల్టుని మీ ఒంట్లోకి తిప్పాను. రెండు చుట్లు మర్యాదగా వెళ్లింది, మూడో చుట్టుకి మొరాయించింది, లోపల దుమ్మేమో అనుకుని మా నాన్న అంబాసిడర్ డిక్కీలోంచి తెచ్చుకున్న అరంగుళం పానాతో ఇంకాస్త నొక్కాను. (అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ మా దానికి పెద్దన్న వరస, ఆ పానాకి ఈ ఇల్లు కొత్త కాదు.) బోల్టు వెనక్కి తీస్తే దాంతో పాటు మీ అల్యూమినియం కూడా సేమ్యాలాగా తీగలు తీగలుగా వచ్చేసింది. హెలికాయిల్, అంటే కొత్త మరగా పనికొచ్చే తీగచుట్ట, వేసి బాగుచేశాను. కోపం పెట్టుకోకండి.

మీ వంశం గురించి కూడా కనుక్కున్నాను. 1860లో అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న గాలియంత్రం మీ మూలపురుషుడు, లోహం కరిగించే కొలుముల్లోకి గాలి ఊదేవాడు. తిత్తి ఊదే వంశం, మంచిదే. తర్వాత మీ వాళ్లలో ఒకాయన 4½ లీటర్ల బెంట్లీ కారుకి అల్లుడయ్యాడు, మామగారు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఆ సంబంధం బొత్తిగా ఇష్టం లేదు, రేసు డ్రైవర్ బర్కిన్ పట్టుబట్టి డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలి డబ్బుతో జరిపించాడు. లోపల చోటు లేక ఆయన్ని రేడియేటర్ ముందు, గుమ్మం బయట కూర్చోబెట్టారు. ల మాన్స్ రేసులో ఒక్కసారీ గెలవలేదు గానీ ఫొటోల్లో మాత్రం ఇప్పటికీ ఆయనే కనిపిస్తాడు. అల్లుళ్లంతే.

ఇక మీ వడ్డన సంగతి. మా ఇంజన్ ఒక చుట్టు తిరిగితే 1275లో సగం, అంటే 637 సీసీ గాలి పీలుస్తుంది. మీరు ఒక చుట్టులో 45 ఘనపు అంగుళాలు తోస్తారు, మీ పేరులో 45 అదే, మన లెక్కలో 737 సీసీ. పక్కపక్కనే సమానంగా తిరిగినా అడిగినదానికంటే ఎక్కువే. అది చాలనట్టు మీ మూతికున్న పుల్లీ అసలుది కాదు, పాత ఇంటి దగ్గర ఎవరో కుర్రాడు చిన్నది బిగించాడు, పుల్లీ చిన్నదయ్యేకొద్దీ మీరు జోరెక్కుతారు. వద్దు బాబోయ్ అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి నెయ్యి పోసే రకం. పోసినంతా అరగాలంటే కంప్రెషన్ తగ్గించాలి, దానికి తల మీద గుంట ఉన్న పిస్టన్లు కావాలి, స్పార్క్ టైమింగ్ వెనక్కి జరపాలి, లేదంటే ఇంజన్ కొట్టుకుని కొట్టుకుని పిస్టన్‌కి చిల్లు పడుతుంది. కట్నం వద్దన్నారు గానీ ఈ ఆర్డర్లన్నీ ఏంటండీ మరి?

పైగా వేరే కంచం. ఇంట్లోవాళ్ల ఇంజన్ ఆయిల్ మీకు పడదు, మీ గేర్ల గదిలో మీ నూనె మీదే. పాతది వంపుతుంటే వచ్చిన వాసనకి మా ఆవిడ రెండు రోజులు గ్యారేజీ వైపు రాలేదు. నీళ్ల పంపు విద్య ఇక్కడ అక్కర్లేదు, మాది ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది, ఆ గేర్లు తీసేసి పలక మూత వేశాను. పాత ఇంట్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ అలవాటు కదా, ఇక్కడ కార్బ్యురేటర్ మీ ముందు కూర్చుంటుంది, పెట్రోలు కలిసిన గాలి మీ కడుపులోంచే పోవాలి, సర్దుకోండి.

బెల్టుకి దారం చుట్టి కొలిచాను, దారం సాగింది, మొదటిది పొట్టిదయింది. బెల్టు మీద 6పీకే అని ఉంటే లోపలి వైపు ఆరు గట్లు అని, పక్కన అంకె మిల్లీమీటర్లలో పొడవు, ఇప్పుడు నిద్రలో లేపినా చెప్తాను. రెండోది సరిపోయింది గానీ మీ బ్రాకెట్ మూడు మిల్లీమీటర్లు పక్కకుంది, స్టార్ట్ చేయగానే కిచకిచమంది. "ఏమండీ, బోనులో ఎలక పడిందా?" అని మా ఆవిడ కిటికీలోంచి కేకేసింది. అవునన్నాను.

పిస్టన్లు వచ్చేదాకా మిమ్మల్ని గట్టిగా తిప్పను, పడుకోండి. ఈలోగా ఒక్క మాట చెప్పండి. మీ అట్టపెట్టె అడుగున చిటికెన వేలంత స్ప్రింగు ఒకటి మిగిలింది. ఎక్కువైన గాలిని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వ్‌దేమో అని పెట్టి చూశాను, కాదు. మీదా, కాదా? అన్నీ బిగించాక చెప్తే మాత్రం బాగుండదు.

ఇట్లు,
మీ మామగారు

తా.క.: బానెట్ మూత పడటం లేదు, నాలుగు వేళ్ల ఎత్తున ఆగిపోతోంది. మీ అత్తగారికి ఇంకా చెప్పలేదు.